హేమచంద్ పలికే గది

గుండ్లపోచంపల్లిల కోడిపిల్లల టీకాలు దాచే గోదాము ఒకటున్నది. దాని ఎనుక సర్వర్ గది దిక్కు పొద్దుగూకితే ఎవ్వరు పోరు. సచ్చిపోయిన ఇంజినీరు హేమచంద్ ఇంక అండ్లనే డ్యూటీ జేస్తాండంటరు...

గా మాట పుట్టిచ్చినోడు సదువురానోడు గాదు. హేమచంద్ కొలువుల కొత్తగ జేరిన ఇంజినీరు ఫణిభూషణ్. మెడల కార్డు, నోట్లె ఇంగ్లీషు, బుర్రల ఉత్త గాలి.

పని గింతే — హేమచంద్ నడిపిన వర్చువల్ మిషన్‌ను, అంటే కంప్యూటర్ లోపటి కంప్యూటర్‌ను, బంద్ జేసి అదే నెట్‌వర్క్ అడ్రస్‌తోని కొత్తది నడపాలె. ఫణి పాతది బంద్ జేసిండు. కొత్తదానికి అడ్రస్ ఇచ్చిండు. "ఈ అడ్రస్ వేరేవాళ్ళు వాడుతున్నారు" అని తెర మీద పడ్డది. ఎవరున్నరో అని గా అడ్రస్‌ను నెట్‌వర్క్ మీద పిలిచి సూసిండు...

పలికింది. బంద్ జేసిన మిషనే, తెర మీద హేమచంద్ పేరుతోని.

"పోయినా సీటు వదలట్లేదు," అని ఫణి గోదామంత చాటిండు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేతగానోనికి దెయ్యం మస్తు ఆసరా.

అదే గోదాముల లెక్కలు సూసే పద్మజ, హేమచంద్ భార్య, ఆ మాట ఇన్నది. ఇగ అందరు భయపడే ఆ గదికి రోజు సాయంత్రం పని ఒడవంగనే వచ్చి తెర ముందట కూసునుడు. పెనిమిటి పేరు పలికిందాక కండ్లు తిప్పకపోవుడు.

ఒకనాడు ఫణి బ్యాగు సంకన వెట్టుకొని గేటు దాక పోయొచ్చిండు. పద్మజ గుసగుసగ అన్నది:

"మీరు బయటికెళ్తే ఆయన పలకట్లేదండీ... మీరొస్తేనే వస్తున్నారు."

ఫణి దెయ్యం తనకే పట్టిందనుకున్నడు. బ్యాగు సంకన వెట్టుకొని గేటు కాడికి ఉరికిండు. ఈ కొలువే వద్దు, రాజీనామా రాస్తనని ల్యాప్‌టాప్ తెరిచిండు.

అండ్ల నడుస్తాంది... హేమచంద్ మిషన్.

సెట్టింగులు కాపీ కొడ్దామని మొదటినాడే దాని నకలు ఈ ల్యాప్‌టాప్‌ల దింపుకున్నడు మహానుభావుడు. నకలు అదే అడ్రస్‌తోని ఆఫీసు నెట్‌వర్క్‌కు నేరుగ కలిసేటట్టు వెట్టి మరిచిండు. ల్యాప్‌టాప్‌కు మూత వెడ్తడే గని ఎన్నడు బంద్ జెయ్యడు. లోపట తెరిస్తే నకలు పలుకుతది, మూసి బయటికి పోతే పలకది. దెయ్యాన్ని బ్యాగుల మోస్కొచ్చి, ఊరంతటికి భయం వెట్టిండు. సిగ్గులేనోడు.

నకలు బంద్ జేసి లోపటికొచ్చిండు. తెర మీద హేమచంద్ పేరు లేదు. పద్మజ మొకం తెల్లగ పాలిపోయింది.

"మీరొచ్చేశారు కదండీ... ఆయనేరీ?"

నిజం చెప్తే కొలువు పోతది, పరువు పోతది. ఫణి మూలకు తిరిగి, ల్యాప్‌టాప్ తెరిచి, నకలు మళ్ళ నడిపిండు.

తెర మీద పేరు వచ్చింది.

పద్మజ కొంగుతోని కండ్లు తుడుసుకొని, కుర్సీ ముందటికి జరుపుకున్నది.

"ఏమండీ," అన్నది మెల్లగ.