న్యూట్రల్ మలుపు

రాత్రిపూట ఆ మలుపులో బండి ఆపే మగాడు ఇంకా పుట్టలేదంటారు. ఆపడం మాట అటుంచండి, దాటాలంటేనే గుండెలు చిక్కబట్టుకోవాలి. కొండమీది ఫ్యాక్టరీల నుంచి కింది ఊరికి దిగే రోడ్డది. ఏడాదిలో రెండు బండ్లు లోయలో పడ్డాయి. రెండింట్లోనూ గేరు న్యూట్రల్లోనే ఉంది. అంత పల్లంలో బుద్ధున్నవాడెవడైనా గేరు తీసేస్తాడా?

వాళ్లు తియ్యలేదు... ఎవరో తీశారు అంటారు.

ఆ రెండింటికీ ముందు అక్కడ పోయినవాడు మన ఊరి మెకానిక్‌కి బావ. సొంత అక్క మొగుడు.

మెకానిక్ చెయ్యి తిరిగినవాడే గానీ, టెక్కు జాస్తి. ఒకరోజు షెడ్డు ముందు అందరూ చూస్తుండగా, క్లచ్ తొక్కకుండా గేర్లు మార్చి చూపించాడు. బావ నోరెళ్లబెట్టాడు. నాకూ నేర్పరా అని వెంటపడ్డాడు.

పై గేర్లకి వెళ్లడం నేర్పాడు. యాక్సిలరేటర్ వదులు, ఇంజను మోత తగ్గగానే గేరు తోసెయ్యి, అంతే. కింది గేరుకి దిగడం వేరే పని. అది మాత్రం చెప్పలేదు. అన్నీ చెప్పేస్తే ఇక తన గొప్పేముంది?

"మిగతాది రేపు చెప్తాలే బావా" అన్నాడు.

ఆ రాత్రే బావ బండి లోయలో పడింది. పైకి తీస్తే క్లచ్ కేబుల్ తెగి ఉంది. గేరు న్యూట్రల్లో ఉంది. మెకానిక్ నోరు మెదపలేదు. ఏడాదిగా మెదపలేదు.

మొన్నామధ్య ఒక రాత్రి అక్క పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీ నుంచి అతనికి ఫోనొచ్చింది. కటింగ్ మిషన్లో అక్క కుడిచెయ్యి పడింది. పరుగున వెళ్లి తన కారు వెనక సీట్లో పడుకోబెట్టాడు. తువ్వాలు తడిసి రక్తం సీటు మీద కారుతోంది. ఎడంచేత్తో కుడిచేతిని గట్టిగా పట్టుకుని, అక్క పళ్ల బిగువున మూలుగుతోంది. ఆసుపత్రి కొండ కింద ఉంది.

"తమ్ముడూ... తొందరగా పోనీరా..."

పల్లం మొదలవకముందే టప్‌మని క్లచ్ కేబుల్ తెగింది. ఊరందరి బండ్లకీ కేబుళ్లు మార్చే మహానుభావుడు, తన బండికి మాత్రం రేపు మార్చొచ్చులే అనుకున్నాడు. ఆగితే అక్క దక్కదు. క్లచ్ లేకపోతేనేం, చెవులున్నాయి కదా అనుకున్నాడు. మోత వింటూ మూడో గేరు, నాలుగో గేరు వేశాడు.

పల్లంలో పడ్డాక బ్రేకులు కాలి కంపు కొట్టాయి. పెడల్ నేలకంటింది. ఇక కింది గేరు పడితేనే బండి అదుపులోకొస్తుంది. చెయ్యి గేరు మీద వేశాడు.

ఆ చేతిమీద ఇంకో చెయ్యి పడింది.

"అక్కా, వదులు!"

అద్దంలోకి చూశాడు. అక్క వెనక సీట్లో కళ్లు మూసుకుని ఉంది. రెండు చేతులూ గుండెల మీదే ఉన్నాయి.

పక్క సీటు ఖాళీ.

ఆ చెయ్యి అతని మణికట్టుని నలిపేస్తూ గేరుని న్యూట్రల్లోకి లాగింది... బండి ఒక్కసారిగా తేలిపోయింది. వెంటనే మూడో గేరులోకి తోసింది. కర్ర్ర్‌మని గేరు పళ్లు కొరుక్కున్నాయి. పడలేదు. మళ్లీ తోసింది. మళ్లీ కర్ర్ర్! ఎముక ఫట్‌మంది. అతను గావుకేక పెట్టాడు. కారు కొండగోడకి రాసుకుంది, తలుపు చీలింది, గాజుపెంకులు మొహంలో గుచ్చుకున్నాయి. రక్తం కళ్లలోకి కారింది.

మలుపు కనిపిస్తోంది.

ఇంకోసారి తోసింది. ఆ తోపులో పగ లేదు... కంగారుంది. అప్పుడు వెలిగింది అతనికి. లాగడం, తోయడం. తను నేర్పింది అంతే!

చెవి పక్కనే గుసగుస వినిపించింది.

"మిగతాది... చెప్పరా..."

మెకానిక్ బావురుమన్నాడు.

"ఆగు బావా! న్యూట్రల్లోనే ఉంచు! ముందు యాక్సిలరేటర్ తొక్కాలి. ఖాళీలోనే ఇంజను మోత లేవాలి. తొక్కుతున్నా... విను... ఇంకా లేవనీ... ఇప్పుడు! ఇప్పుడు వెయ్యి బావా!"

టక్.

పడింది. ఇంజను హోరుమంటూ బండిని వెనక్కి గుంజింది. అతని తల స్టీరింగ్‌కి కొట్టుకుంది. మలుపు అంచున రాళ్లు లోయలోకి దొర్లాయి. కారు మాత్రం దొర్లలేదు.

చేతిమీద బరువు మెల్లగా పోయింది.

తెల్లారి ఆసుపత్రిలో అతని మణికట్టుకి కట్టు కడుతూ డాక్టరు ఆగింది. "ఎవరయ్యా ఇంతలా మెలిపెట్టింది? అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి."

"గేరు కడ్డీ తగిలిందమ్మా" అన్నాడు.

అక్క బతికింది. రెండు వేళ్లు పోయాయి గానీ బతికింది. మంచం పక్కన కూర్చున్న తమ్ముణ్ని అడిగింది.

"రాత్రి బండిలో ఎవరికో చెబుతున్నావేంట్రా? ఖాళీలో తొక్కాలి, మోత లేచాక వెయ్యాలి అని..."

అతను అక్క దుప్పటి సర్దబోయాడు.

"తను చనిపోయినరోజు సాయంత్రం మీ బావ ఎంత మురిసిపోయాడనుకున్నావ్! మా బామ్మర్ది క్లచ్ లేకుండా గేర్లు వెయ్యడం నేర్పాడు, ఇక నాకేం భయం అన్నాడురా..." అక్క ఎడంచెయ్యి అతని కట్టు మీద వేసింది. "ఆయనకి ఈ ముక్క చెప్పావా?"