గేరులో ఉన్న బండి

బండ్ల వైరింగులో మన మేస్త్రిని మించినవాడు పుట్టలేదు, ఇక పుట్టబోడు. కళ్లకు గంతలు కట్టినా వాసన చూసి వైరు రంగు చెప్పేవాడు. ఆయన షెడ్డులోకి తెస్తే చాలు, చచ్చిన బ్యాటరీలు కూడా ఒక్కసారి దగ్గేవి. నేను కొంచెం ఎక్కువ చెబుతానని గిట్టనివాళ్లు అంటారు. అననివ్వండి. ఆ వానరోజు మధ్యాహ్నం సంగతి మాత్రం తగ్గించే చెబుతున్నాను.

మేస్త్రి బావమరిది తడిసి ముద్దై బండి తోసుకొచ్చాడు. గోడకి ఎదురుగా నిలిపి, రిమోట్ బల్ల మీదకి విసిరేశాడు.

"ఇదిగో బావా, మా నాన్నని చంపిన నీ పనితనం."

వెనక గది గుమ్మంలో మేస్త్రి భార్య నిలబడి ఉంది. తండ్రి పోయిన రోజు నుంచి ఆమె మొగుడితో ఒక్క మాట మాట్లాడలేదు. కంచం ముందుకు తోసి వెళ్లిపోయేది, అంతే.

ముసలాయన కుడి బొటనవేలు ఎప్పుడో లేతు మిషన్లో పోయింది. మోకాళ్లు కిక్కు కొట్టనివ్వవు. అందుకని అల్లుడే బండికి రిమోట్ స్టార్టర్ బిగించాడు. మీట గట్టిగా ఉందని ఆయన దాన్ని పంటితో కొరికి నొక్కేవాడు. ఒకరోజు ఆయన బండి ముందు నిలబడి ఉండగా అది గేరులోనే స్టార్టై, ఆయన్ని గోడకి నొక్కి ప్రాణం తీసింది.

"గేరులో ఉంటే స్టార్టు కాదన్నావుగా?" అన్నాడు బావమరిది. "ఇప్పుడు ఎవరూ ముట్టకుండానే స్టార్టవుతోంది. తప్పెక్కడుందో చూపించు. లేదంటే నీ వైరే చంపిందని అక్క ముందు ఒప్పుకో. ఈ పూటే అక్కని తీసుకెళ్లిపోతాను."

"నోరు అదుపులో పెట్టుకోరా. నా వైరు అబద్ధమాడదు."

రిమోట్ పాత డొప్ప నిండా ముసలాయన పంటి గాట్లు. నడిమధ్య పళ్లు ఊడిన చోట ఖాళీ. మేస్త్రి దాన్ని తీసి పక్కన పెట్టి కొత్త డొప్ప వేశాడు. సీటు ఎత్తాడు.

న్యూట్రల్ స్విచ్చు వైరే ఇందులో కాపలాదారు. బండి న్యూట్రల్లో ఉందని అది చెబితేనే రిమోట్ మాట చెల్లుతుంది. అది ఒరుసుకుపోయి ఛాసిస్‌కి తగిలిందా, గేరులో ఉన్నా న్యూట్రలేనని బొంకుతుంది. మేస్త్రి గోటితో తడుముతూ ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. ఒక్క గీత లేదు. టెస్ట్ లాంపు తగిలించాడు. న్యూట్రల్లో వెలిగింది. గేరు వేస్తే ఆరింది. బండిని గేరులోనే ఉంచి రిమోట్ నొక్కాడు, వేలు ఎర్రబడేదాకా. బండి కిక్కురుమనలేదు.

"చూడవే! ఇప్పుడైనా చూడు!" మేస్త్రి గుమ్మం వైపు తిరిగాడు.

ఆమె గుమ్మం దిగి రెండడుగులు వచ్చింది.

"మరి తనంతట తనెలా స్టార్టవుతోంది?" బావమరిది వదల్లేదు.

మేస్త్రి బ్యాటరీ ఊడదీసి బల్ల మీద పెట్టాడు. రిమోట్ సెల్లు పీకి డబ్బాలో వేశాడు. ఖాళీ రిమోట్ చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు దాని తాత దిగొచ్చినా స్టార్టు కాదు."

హెడ్‌లైట్ విప్పుదామని బండికీ గోడకీ మధ్య దూరాడు.

కరెంటు పోయింది. రేకుల మీద వాన హోరు. తడి ఇనుము వాసన... దాని కింద నుంచి ఇంకో వాసన. పాచినోటి వాసన. ఎవరో మొహంలో మొహం పెట్టి ఊపిరి వదిలినట్టు...

కట... కట...

ప్లాస్టిక్‌ని కొరుకుతున్న చప్పుడు. బల్ల దగ్గర కాదు. బండిలో కాదు.

జేబులో.

టెస్ట్ లాంపు వెలిగింది. బ్యాటరీ బల్ల మీదే ఉంది. బండి భళ్లున స్టార్టై ముందుకు దూకింది. చక్రం మేస్త్రి తొడల మీదుగా కడుపులోకి ఎక్కుతోంది. గోడ వెనక్కి జరగదు. ఊపిరి అందదు... బావమరిది కేకపెట్టి వానలోకి పరుగెత్తాడు.

"నాన్నా!" ఆమె అరిచింది. "వద్దు నాన్నా! ఆయన తప్పేం లేదు!"

బండి ఆగిపోయింది.

ఆమె క్లచ్చు నొక్కి, హ్యాండిల్ పట్టుకుని బండిని వెనక్కి లాగింది. మొగుణ్ణి గుమ్మం దాకా నడిపించుకొచ్చింది.

"ఏమండీ... బాగా తగిలిందా?"

ఆ పిలుపు విని మేస్త్రి, నొప్పిలోనే నవ్వాడు.

"నాన్నేనండీ," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "నా మాట ఏనాడూ కాదనలేదు. పిలవగానే ఆగాడు."

మేస్త్రి తన జేబులోంచి రిమోట్ తీశాడు. తడిగా ఉంది. వెచ్చగా ఉంది. కొత్త డొప్ప మీద లోతైన పంటి గాట్లు.

ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. చూపుడువేలితో ఆ వరుస తడిమింది. సగంలో వేలు ఆగింది.

"ఏమండీ..." ఆమె రిమోట్‌ని ఆయన ముందుకు పట్టింది. "నాన్నకి ముందు పళ్లు లేవు కదా."

గాట్ల మధ్య ఎక్కడా ఖాళీ లేదు. ఒక్క పన్నూ తప్పని నిండు వరుస.

"మరి... నేను పిలిస్తే ఆగిందెవరు?"

వాళ్ల వెనక, గేరులోనే ఉన్న బండికి తగిలించిన టెస్ట్ లాంపు మెల్లగా వెలిగింది.