గొంగడి అంచులో సంతకం

"సన్నకాయ ఉన్నదా సేటూ?"

"తొక్క మందంది ఉన్నది. నడుస్తదా?"

కోడ్ కలిసింది. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్లో తలకు తువ్వాల చుట్టుకుని కూర్చున్న కమీషన్ ఏజెంటు నిజానికి విజేందర్, సైబర్ గూఢచారి విభాగం చీఫ్. ఎదురుగా గొంగడి కప్పుకుని నిలబడ్డ గొర్రెల బేరగాడు ఏజెంట్ శివకృష్ణ. వేషమని పేరే గానీ, అతను మంద వెంట నడిచి పెరిగినవాడే.

విజేందర్ నిమ్మకాయల గంపలోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"హాలియా దిక్కు కాలువ గేట్లు డిజిటల్ సంతకం ఉంటెనే లేస్తయి. ఆ సంతకం కీ దీంట్ల ఉన్నది. నల్లగొండ కంప్యూటర్ కెల్లి మహబూబ్‌నగర్ కొత్త మెషీన్‌కు చేరాలె. నెట్‌ల పంపేది లేదు. సరిహద్దు అవతలి ముఠా కన్నేసింది."

"వాళ్లకెందుకు మన కాలువ?"

"ఒక్క గేటు లేపి చూపిస్తే చాలు, ఏ డ్యామ్ గేటైనా లేపుతమని అమ్ముకుంటరు. ఇప్పుడు కాలువ ఎండగట్టి సిమెంటు లైనింగ్ పని చేపిస్తున్రు. కూలీలంత అడుగున ఉన్నరు."

"తెలుసు సార్. మా గోపమ్మత్త గూడ ఆడనే ఉన్నది." శివకృష్ణను తల్లి లేని లోటు తెలియకుండా పెంచిన మేనత్త ఆమె.

"అయితే ఇంకా జాగర్త. ఫైలు నీ దగ్గర, పాస్‌వర్డ్ మల్లిక దగ్గర. ఆమె హైదరాబాద్ మీదికెల్లి, నువ్వు దేవరకొండ మీదికెల్లి. చేరేదాక కలవొద్దు, మాట్లాడొద్దు."

మల్లిక అంటే విభాగానికే ఒక మెరుపు. విదేశీ పార్టీల్లో పట్టుచీరతో తిరిగి, ముఠా గుట్టంతా తెల్లారేసరికి చీఫ్ బల్ల మీద పెట్టే డబుల్ ఏజెంట్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటుందని చీఫ్ మురిసిపోయేవాడు. శివకృష్ణకు ఆమె అంతకంటే ఎక్కువ. మాఘంలో పెళ్లి. గోపమ్మ చేతి జొన్నరొట్టె అడిగి మరీ తిన్న పిల్ల.

పెన్‌డ్రైవ్‌ను గొంగడి అంచులో కుట్టుకుని అతను నల్లగొండలో బస్సెక్కాడు. మల్లేపల్లి దగ్గరపడుతుండగా ఫోన్ మోగింది.

"యాడిదాక వచ్చినవ్?"

మన దిక్కు మనిషిని ఈ ప్రశ్న అడిగితే అంతే. చావింటికి పోతున్నా, దొంగతనానికి పోతున్నా జవాబు చెప్పి తీరుతాడు. అడిగిందెవరు, ఎందుకు అనేవి తర్వాతి సంగతులు. ఎన్ని ట్రైనింగులైనా ఈ రోగం కుదర్చలేదు.

"మల్లేపల్లి వస్తున్న," అన్నాడు శివకృష్ణ.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. మల్లేపల్లిలో బస్సాగింది. ఫోన్ ఇంకా చేతిలోనే ఉన్న మల్లిక ఎక్కింది.

"రూల్ యాది మరిచినవా?" గొంతు తగ్గించి అడిగాడు.

"హైదరాబాద్ రోడ్ల నన్ను ఎవడో ఫాలో అయితున్నడు శివా. భయమైంది." పక్కన కూర్చుని భుజం మీద తల వాల్చింది. కిటికీలోంచి చలిగాలి కొడుతోంది. "జర గొంగడి ఇయ్యి."

ఇచ్చాడు. తన చేతులతోనే కప్పాడు. ఆమె వేళ్లు అంచును ఒకసారి తడిమాయి.

దేవరకొండ బస్టాండులో చాయ తెస్తానని ఆమె గొంగడితోనే దిగింది. కండక్టర్ మల్లయ్య రెండుసార్లు విజిలేసినా రాలేదు. బయట ఒక తెల్ల కారు గొంగడి కొసను లోపలికి లాక్కుని, తలుపు మూసుకుని హాలియా వైపు తిరిగింది. అప్పుడు అర్థమైంది శివకృష్ణకు. ముఠా ఆమెను తమ మనిషనుకోవడం పొరపాటేం కాదు.

తుపాకీ గుండు తగిలినా ఇంత నొప్పి ఉండదనిపించింది. చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"సంతకం రద్దు చేపిస్త," అన్నాడు విజేందర్. "కానీ ఆ కబురు గేట్లకు చేరేది మాపటికి. అప్పటిదాక ఏ గేటు క్యాబిన్ల పెన్‌డ్రైవ్ గుచ్చినా గేటు లేస్తది. మేస్త్రీ ఫోన్ ఎత్తుతలేడు, మిక్సర్ చప్పుడు. హాలియాల నాకున్నది ఒక్క జీపు. నాలుగు క్యాబిన్లు ఉన్నయి. యాడికి తోలాలె?"

తన నంబరైతే మల్లిక ఎత్తదని శివకృష్ణ కండక్టర్ ఫోన్ అడిగి తీసుకుని బస్సు దిగాడు. కారు కాలువ చేరేదాకా ఆగాడు. ఆ ఆగడంలోనే ప్రాణం సగమైంది. తర్వాత నంబర్ నొక్కి, గొంతులో ఏ తొట్రుపాటూ లేకుండా అడిగాడు.

"యాడిదాక వచ్చినవ్?"

"పెద్ద తూము క్యాబిన్ కాడ దిగుతున్న," అంది మల్లిక. అన్నాక ఆగింది. "శివా?"

"అత్త ఆ కాలువలనే ఉన్నది మల్లికా."

"తెలుసు."

ఫోన్ పెట్టేసింది. ఆ ఒక్క మాటతో అతనిలో మిగిలిన చివరి ఆశ కూడా తెగిపోయింది.

జీపు పెద్ద తూము చేరేసరికి మల్లిక క్యాబిన్ తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుంది. పాస్‌వర్డ్ కొట్టింది. తెరమీద సంతకం సరిపోయిందని పచ్చగా పడింది. గేటు మోటారు గుర్రుమని, ఇనుప పలక కదలబోయింది. బయట స్తంభం మీది ఫ్యూజును జీపు డ్రైవర్ లాగేశాడు. మోటారు చల్లబడింది. కాలువ అడుగున తట్టలు మోసేవాళ్లు తలెత్తి కూడా చూడలేదు.

శివకృష్ణ చేరేసరికి మల్లిక బేడీలతో జీపులో ఉంది, ఇంకా అదే గొంగడి కప్పుకుని.

"ఎందుకు?" అన్నాడు.

"నువ్వు యాడిదాక అని అడుగుతవనుకోలే," అంది. మొహం తిప్పుకుంది.

విజేందర్ గొంగడి అంచు విప్పాడు. "సంతకాన్ని మోసుకపోవుడే తప్పయింది. కొత్తది కొత్త మెషీన్లనే పుట్టియ్యాలె, పాతది ఆడనే చంపాలె."

అప్పుడే శివకృష్ణ ఫోన్ మోగింది. మాపటి పని ఆపి, గట్టు మీదికెక్కి, మేస్త్రీ ఫోన్ చెవిన పెట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ గోపమ్మ అతనికి కనిపిస్తూనే ఉంది. ఆమెకు మాత్రం జీపు అవతల ఉన్న అతను కనిపించడం లేదు.

"యాడిదాక వచ్చినవ్ బిడ్డా?"

శివకృష్ణ జన్మలో మొదటిసారి ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పాడు.

"ఇంకా బస్సే ఎక్కలేదత్తా."