తూనీగ పేనిన తాడు

"ఇంకా జానెడే పేనావా?" అంది నాయనమ్మ, అరుగు మీదికి తొంగి చూస్తూ.

తూనీగ మూతి ముడుచుకుంది. ఆ పిల్ల అసలు పేరు వేరే ఉందిలెండి. ఒక్కచోట నిలవదని అందరూ అలా పిలుస్తారు. ఇప్పుడేమో ఒళ్లో కొబ్బరి పీచు, ఎదురుగా వీధిలో స్నేహితురాళ్ల షటిల్ ఆట. కాలు నిలిస్తే కదా!

రేపే గుడి రథోత్సవం. రథాన్ని లాగే మోకు కోసం ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ ఒక తాడు పేని ఇస్తారు. తాళ్ల తాత వాటన్నిటినీ కలిపి పెద్ద మోకు పేనుతాడు. ఈసారి తమ ఇంటి తాడు తనే పేనుతానని తూనీగే పట్టుబట్టింది.

నాయనమ్మ లోపలికి వెళ్లగానే తూనీగకి ఒక ఉపాయం తట్టింది. మిగిలిన పీచును పేనకుండా పొడుగ్గా పరిచి, పైన సన్నటి పురి చుట్టేసింది. తాడు భలే నున్నగా కనిపించింది. పరుగున వెళ్లి గుడి మంటపంలోని తాళ్ల గుట్టలో పడేసి, ఆటలో కలిసిపోయింది.

సాయంత్రం తూనీగ నాయనమ్మతో, తమ్ముడితో కలిసి మళ్లీ మంటపానికి వెళ్లింది. మోకు సగం పైగా తయారైంది. తాళ్ల తాత గుట్టలోంచి తూనీగ తాడు ఎత్తి చూపాడు. కళ్లజోడేమో నుదుటి మీదుంది.

"ఎంత నున్నగా ఉందో! దీన్ని ముందువైపు కలుపుతా. పిల్లలు పట్టుకునేది అక్కడే."

"అయితే నేనూ అక్కడే పట్టుకుంటా!" తమ్ముడు గంతులేశాడు. "నాయనమ్మా, ఇంటికో తాడెందుకు? ఒకటి కొనేస్తే పోదూ?"

"పూర్వం కొనేవారట్రా. పైకి బాగానే ఉండేదట. ఒక ఏడు వీధి మలుపులో ఫట్‌మని తెగింది. లాగేవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. మీ ముత్తాత అప్పటికి నీ అంత పిల్లాడు. చెయ్యి విరిగింది. అప్పట్నుంచీ ఎవరి తాడు వాళ్లే పేనుతున్నారు. లాగేది మన పిల్లలే కదా, ఎవరైనా అశ్రద్ధ చేస్తారా?"

తూనీగ తమ్ముడి చిన్న చేతుల వైపు చూసింది. తాత అప్పటికే తాడు కొస మోకులో దూరుస్తున్నాడు.

"తాతా, ఆగు! అది కలపకు. లోపల నేను పేనలేదు."

తాత రెండు చేతులా లాగాడు. చుట్టిన పురి జారిపోయి, పీచు ఊడి వచ్చింది.

"పైన పటారం, లోన లొటారం అన్నమాట!" అన్నాడు తాత.

నాయనమ్మ వంగి, ఊడిన పీచును ఏరసాగింది. అది చూసి తూనీగకి ఇంకా బాధేసింది. కళ్లు తుడుచుకుంటూ నిలబడింది.

"ఏడుపెందుకే? రేపు తెలిసుంటే ఏం చేసేవాళ్లం? ఇవాళే చెప్పావు. పీచుంది, నువ్వున్నావు. కూర్చో," అన్నాడు తాత.

తూనీగ కూర్చుంది. స్నేహితురాళ్లు గుడి గేటు దగ్గర్నుంచి రెండుసార్లు పిలిచినా తల ఎత్తలేదు. అరచేతులు మండాయి. అయినా కొస వరకూ పేనింది. ఆపైన తాడును స్తంభానికి కట్టి, ఒళ్లు వెనక్కి వాల్చి లాగి చూసింది. తమ్ముణ్ణి కూడా లాగమంది. అప్పుడే తాతకి ఇచ్చింది.

తెల్లవారింది. రథం ముందు జనమే జనం. తమ్ముడు మోకు మీదకి వంగి వెతికాడు.

"అక్కా, మన తాడేది?"

తూనీగ కూడా వెతికింది. అన్నిట్లో కలిసిపోయింది, కనబడలేదు.

"ఎక్కడైనా పట్టుకో, ఏం కాదు," అంది. వాడి వెనకే నిలబడి, మండుతున్న అరచేతులతో మోకును గట్టిగా పట్టుకుంది.

మోకు బిగిసింది. రథం కిర్రుమని కదిలింది.