కలిదిండి మలుపులో ఏడుపు

కైకలూరు నుంచి కలిదిండి వెళ్లే దారిలో, రొయ్యల చెరువుల మధ్య ఒక మలుపుంది. చీకటి పడ్డాక చంటిపిల్లలతో అక్కడ ఆగకూడదంటారు. ఆగితే ఒడిలో ఉన్న బిడ్డ గొంతుని చెరువు లాగేసుకుంటుందట! చెరువుకి బిడ్డ గొంతెందుకర్రా అని నేను నవ్వేవాణ్ణి... మా పిన్ని కూతురు ఇందుజ సంగతి వినేదాకా.

ఇందుజ, భర్త ఫణీంద్ర హైదరాబాదు నుంచి కలిదిండికి కారులో వస్తున్నారు. మూడు నెలల పాపని నానమ్మకి చూపించడానికి తొలి ప్రయాణం. పాలకోసారి, డైపరుకోసారి ఆగి ఆగి, ఏలూరు చేరేసరికే పొద్దు గూకింది. అత్తగారు వీరరాఘవమ్మ ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పింది — “ఆ మలుపులో మాత్రం ఆపకండమ్మా.”

సరిగ్గా అక్కడే టైరు పంక్చరైంది.

ఫణీంద్ర దిగి జాకీ పెడుతున్నాడు. ఇందుజ వెనక సీట్లో పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉన్నట్టుండి గట్ల మీద లైట్లన్నీ ఆరిపోయాయి. చెరువుల్లో నీళ్లు చిమ్మే ఏరేటర్లు కూడా ఆగిపోయాయి.

అప్పుడు వినిపించింది... పసిబిడ్డ ఏడుపు. చెరువు వైపు నుంచి.

ఇందుజ ఒడిలోకి చూసింది. పాప కదలడం లేదు.

“అమ్మా... బంగారూ...” బుగ్గ తట్టింది. పలకలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి తగులుతోందో లేదో తెలియలేదు. అవతల ఏడుపు గుక్క పట్టింది.

“ఏవండీ... పాప గొంతండీ అది!”

అతను లేచేలోపే పాపని పొదువుకుని, చెప్పులైనా లేకుండా గట్టు మీదికి పరుగెత్తింది. ఎందుకంటే — గొంతు వెనక్కి తెచ్చుకుందామని! నవ్వకండి, కన్నతల్లికి ఆ క్షణంలో ఇంకేం తోస్తుంది?

గుడిసెలోంచి ఒక ముసలాయన టార్చితో దూసుకొచ్చాడు. ఆమెని చూడనైనా చూడకుండా పక్క షెడ్డులో దూరాడు.

జనరేటరు దడదడలాడింది. ఏడుపు ఠక్కున ఆగింది.

ఆ మోతకి పాప ఉలిక్కిపడి... కెవ్వుమంది! ఇందుజ గట్టు మీదే కూలబడింది.

“జడుసుకున్నారామ్మా?” ముసలాయన దగ్గరికొచ్చాడు. పేరు సీమోను, ఆ చెరువులకి కాపలా. “అది అలారమండీ. కరెంటు పోతే మోగుద్ది. ఏరేటర్లు ఆగిపోతే గాలందక రొయ్యలు బతకవు కదండీ. సైరనుకి నాకు మెలకువ రావట్లేదని, మా మనవరాలి ఏడుపు రికార్డు పెట్టించానండీ. ఇదైతే ఎంత నిద్రలో ఉన్నా లేచిపోతాను.”

వెనకే వచ్చిన ఫణీంద్ర నవ్వేశాడు. ఇందుజకీ నవ్వొచ్చింది.

“మనవరాలికిప్పుడు ఎన్నేళ్లండీ?” అంది, కళ్లు తుడుచుకుంటూ.

సీమోను టార్చి కిందికి దించాడు.

“ఏళ్లు రాలేదండీ... ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, ఈ మలుపు దాటలేదు. ఒళ్లో పడుకుందనుకున్నామండీ.”

కలిదిండి చేరేదాకా ఇందుజ పాపని పడుకోనివ్వలేదట.