పర్దా లేని తలుపు

పైగా రుక్సార్ అడగలేదు కూడా. తనే చెప్పాడు, మీ గల్లీ చూసొచ్చానని. అడగని దానికి మనిషి అబద్ధం ఎందుకు ఆడతాడు? మెచ్చుకుంటుందని. అంతకన్నా మర్యాదైన కారణం లక్ష్మీకాంత్‌కు ఇంకా దొరకలేదు.

పిల్లల కోసం రుక్సార్ ఒక బొమ్మల కథ రాసింది. పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో తాను పుట్టిన ఇల్లు, అమ్మ, ఆ గల్లీ. బొమ్మలు అతనివి. వేసేముందు ఒకసారి వచ్చి చూడమని రెండు నెలల క్రితమే అంది. అతను గదిలో కూర్చుని, ఫోన్‌లో దొరికిన ఫొటోలు చూసి వేశాడు.

నిన్న ఆ బొమ్మలు చూస్తూ మొదట నవ్వింది. మిద్దె ఎక్కినా మాకు చార్మినార్ కనబడదు, నీకు ప్రతి పేజీలో ఎట్ల కనబడ్డదని ఆటపట్టించింది. అతనూ నవ్వాడు. ఆరో పేజీ దగ్గర ఆమె ఆగింది. ఆ బొమ్మలో వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ దారిన పోయేవాళ్లకు కనిపిస్తోంది.

"పర్దా ఏది?"

"ఏ పర్దా?"

"మా తలుపుకు పర్దా ఉంటది. గల్లీల అందరికీ ఉంటది. ఎవరొచ్చినా బయట్నే నిలబడి పిలుస్తరు." గొంతు పెంచలేదు. "నువ్వు రాలే కదా?"

వచ్చాను, పర్దా వేయడమే మర్చిపోయానన్నాడు. అది రెండో అబద్ధం.

"అమ్మీకి చూపిద్దామనుకున్న," అంది, కాగితాలు సర్దుతూ. "గిప్పుడెట్ల చూపియ్యాలె?"

రాత్రంతా ఆ ప్రశ్నే. తను ఎన్నడూ చూడని ఒకామెను వీధికి చూపించాడు.

ఇవాళ వానలో, ఇద్దరిని దారి అడిగి, ఆ ఇంటి ముందు నిలబడి పిలిచాడు. రుక్సారే వచ్చింది.

"ఏంది, ఫొటోలు దొర్కలేదా?"

"ఇదే మొదటిసారి రావడం. మర్చిపోయానన్నదీ అబద్ధమే. నీకు నచ్చాలని చెప్పాను. నువ్వు నాకు... అందుకే."

ఆమె అతని జుట్టులోంచి కారుతున్న నీళ్లు చూసింది. ఎవరని లోపలినుంచి తల్లి ఖుద్సియా అడిగింది. బొమ్మలేసే ఆయన అమ్మీ, తొవ్వ దొరకనీకి రెండు నెలలు పట్టిందంట, అని ఉర్దూలో బదులిచ్చింది రుక్సార్. తడుస్తున్నాడేమో లోపలికి రమ్మను అంది ఆ తల్లి.

ఆ మర్యాద తిట్టుకన్నా గట్టిగా తగిలింది. వెళ్లిపోవచ్చు. ఎవరూ ఆపరు. ఏ ముఖంతో ఎదురుగా కూర్చోవాలి?

లక్ష్మీకాంత్ వంగి, తడిసి బిగుసుకున్న బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు.