రాతిపొడి మిల్లులో ఆఖరి రోజు

గాజు ఫ్యాక్టరీలకు తెల్లరాయిని పిండి చేసి పంపే మిల్లు అది. భర్త రాయి ఆడించేవాడు, భార్య ఆ పొడిని బస్తాలకెత్తేది. ఇరవై ఏళ్లు అలాగే గడిచిపోయాయి. పోయిన వారం డాక్టరు ఎక్స్‌రే చూపించి, భర్త ఊపిరితిత్తుల నిండా రాతిపొడేనన్నాడు. ఇంకా ఆ గాలే పీలిస్తే మనిషి దక్కడన్నాడు. అందుకే ఇవాళ మధ్యాహ్నంతో అతను పని మానేస్తున్నాడు.

డ్యూటీ దిగేముందు గాలి గొట్టంతో ఒళ్లు దులుపుకోవడం అక్కడి అలవాటు. ఆమె గొట్టం పట్టుకుంది. అతను చేతులు చాచి నిలబడ్డాడు.

"కళ్లు మూసుకోండి. ఇంట్లో ఒక్క నలుసు కనిపించినా ఊరుకోను."

"నలుసని తీసిపారేయకే. దానికీ రవ్వంత తెలివి ఉంటుందేమో."

"మీకున్నంతా?"

అతను నవ్వబోయి దగ్గాడు. "మనమూ నలుసుల మూటలమే కదా. మరి మన తెలివి ఎక్కడినుంచి ఊడిపడింది? ప్రతి నలుసులోనూ కాస్త ఉంటేనే కదా, అన్నీ కలిసి ఇంతైంది?"

కొట్టిపారేసే మాట కాదది. ఒక్క ఇసుకరేణువును అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియదు. తెలియనంత మాత్రాన బరువు లేదనలేం. బస్తా ఎత్తి చూస్తే నడుమే చెబుతుంది. తెలివి కూడా అలాంటిదే అయితే, ఇన్నేళ్లుగా ఆ రేకుల షెడ్డులో పోగుపడిందెంత?

ఆమె అంత దూరం ఆలోచించలేదు. గొట్టం తిప్పింది. చొక్కా మీది పొడి తెల్లగా లేచింది.

అంతలో కరెంటు పోయింది. మిల్లు మూలిగి ఆగింది. ఆ నిశ్శబ్దానికి చెవులు గింగురుమన్నాయి. కమిలిన బెల్టు వాసన. ఆకు కదలనంత ఉక్క. రేకు చిల్లులోంచి పడుతున్న ఎండలో పొడి అలాగే నిలబడిపోయింది. కిందికి దిగలేదు.

మెల్లగా అతనివైపు జరిగింది... వెనక్కి పోయింది. జరిగింది... పోయింది.

అతని ఊపిరితో పాటు.

ముక్కు దగ్గరిదైతే సరే. షెడ్డు ఆ చివర, బస్తాల మీద తేలుతున్నదీ అలాగే ఊగుతోంది.

"ఏవండీ," గుసగుసగా అంది. "ఒక్క క్షణం ఊపిరి బిగబట్టండి."

బిగబట్టాడు. పొడి ఆగింది.

ఒకటి... రెండు... మూడు...

పొడి కదిలింది. ముందు పొడి. ఆ తర్వాత అతని ఛాతీ లేచింది.

"నేను పీల్చలేదే..." పెదవులు మాత్రమే కదిలాయి.

ఆమె అతని చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చింది. తలుపుకి గడియ పెట్టింది. రోడ్డు దాటి, ఎదుటి గోడ దాకా ఆగకుండా నడిపించింది.

"అమ్మయ్య! ఇంక భయం లేదు. హాయిగా గాలి పీల్చుకోండి."

తిరిగి చూసింది.

అతను రెండు చేతులతో ముక్కూ నోరూ గట్టిగా మూసుకుని ఉన్నాడు. కళ్లు మిల్లు తలుపు మీదే ఉన్నాయి. ఛాతీ మాత్రం తీరుబడిగా లేస్తోంది... పడుతోంది...